మరవ మీది మూటలు

నా భార్య పోయింది. వానాకాలం మొదట్లో, పొద్దున పూట, చారుకు తాలింపు వేసి, స్టవ్ ఆర్పి, గోడకు ఆనుకుని కూర్చుంది. మళ్ళీ లేవలేదు. ఊత్తంగరై నుంచి డాక్టరును పిలుచుకొచ్చేసరికి ఆయన చేయడానికి ఏమీ మిగల్లేదు. గుండె అన్నాడు. చారు ఇంకా వేడిగానే ఉంది.

స్టవ్ ఆర్పే కూర్చుంది. ఆమెను ఎరిగిన వాళ్ళకు ఆ ఒక్క మాట చాలు.

సాయంత్రానికి సామల్పట్టి స్టేషన్ రోడ్డులో ఫ్లెక్సు లేచింది. పైన ‘కన్నీటి అంజలి’ అని తమిళంలోనూ తెలుగులోనూ ఉంది. కింద ‘మా ఊరిని కాపాడిన దేవత’ అని ఉంది. మరునాడు నేనే పోయి దాన్ని విప్పుకొచ్చాను. కట్టినవాళ్ళకు కోపం వచ్చింది. వాళ్ళకు జవాబుగానే ఇది రాస్తున్నాను. మిగతావాళ్ళూ చదవవచ్చు.

ఆమె దేవత కాదు. దేవతలతో ఒక సౌకర్యం ఉంది. దండ వేస్తే చాలు, మాట వినక్కర్లేదు.

ఆమెది కావేరిపట్టణం. పుట్టిల్లు దక్షిణ పెన్న ఏటి ఒడ్డున. చిన్నప్పుడు ఏరు వాకిట్లోకి వచ్చి, గడపను తాకి, వెనక్కి పోవడం చూసిందట. అందుకే వాన అంటే ఆమెకు కవిత్వమూ లేదు, భయమూ లేదు. చుట్టం వస్తే ఎక్కడ కూర్చోబెట్టాలో ముందే చూసుకునే ఇల్లాలి ఆలోచన, అంతే. నేను క్రిష్ణగిరి కాలేజీలో డిగ్రీ చదివాను. ఆమె కూడా అక్కడే చదివింది, నాకంటే మంచి మార్కులతో. ఆ విషయం ఆమె ఎప్పుడూ ఎత్తలేదు. అందువల్ల నేను మరచిపోయే వీలు లేకపోయింది.

పెళ్ళయ్యాక హోసూరులో, మూకండపల్లిలో ఉన్నాం. నేను ఫ్యాక్టరీలో నాణ్యత చూసే పని. లైన్ ఇళ్ళు. అందరిళ్ళ నీళ్ళూ ఒకే కాలువలో పోవాలి. ఒక వేసవిలో ఇంటి ఓనరు తన వాకిలి బాగుండాలని కాలువ మూతికి అడ్డంగా సిమెంటు గట్టు వేయించాడు. మొదటి వానకు మురుగు మా వంటింట్లోకి వచ్చింది. ఆమె ఆయనకు రెండు సార్లు చెప్పింది. మూడోసారి చెప్పలేదు. గడ్డపార తీసుకుని పోయి గట్టు పగలగొట్టింది. ఆయన లుంగీ ఎగగట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

“ఏందమ్మా ఇది! నా వాకిలి, నా సిమెంటు! ఎవర్ని అడిగి పగలేసినావు?”

“నీళ్ళనడిగినా అన్నా. ఆ పక్కకే పోతామన్నాయి.”

“ఇల్లు ఖాళీ చెయ్యండి!”

“చేస్తాం. ముందు వంటిల్లు ఖాళీ కానీ. నీళ్ళుండాయి.”

లైనంతా నవ్వింది. ఆయన కూడా చివరికి నవ్వాడు. మేము ఆ ఇంట్లోనే నేను రిటైరయ్యే వరకు ఉన్నాం. ఆ గడ్డపారను ఆమె మా ఊరికి మారేటప్పుడు పాత్రల మూటలో పెట్టి తెచ్చుకుంది. “ఆడ కూడా కాలవలుంటాయి గదప్పా” అంది.

మా ఊరు సామల్పట్టికి దగ్గర. తాతల నాటి నుంచి తెలుగు మాట్లాడే వ్యవసాయపు ఊరు. ఊరికి పైన చెరువు, చెరువు కట్ట కింద దిగువ వీధి, దానికి కింద మడులు. చెరువుకు ఒక చివర మరవ ఉంది. చెరువు నిండాక మిగిలిన నీళ్ళు, కట్ట తెగకుండా పొర్లిపోవడానికి పాతకాలపు వాళ్ళు పేర్చిన రాతి వరుస అది. దాని మీదుగా దూకిన నీళ్ళు ఒక వాగులో పడి ఊరికి పక్కగా పోతాయి. మరవ పోయిన రోజు, అంటే నీళ్ళు దాని మీదుగా పొర్లిన రోజు, మాకు పండుగ. ఊరి ఆడవాళ్ళు తాంబాళంలో పసుపు, కుంకుమ, గాజులు, ఒక చీర పెట్టుకుని పోయి, పారే నీళ్ళలో గంగమ్మకు వదులుతారు. తాంబాళం పట్టుకుని మరవకు పోయే ఆడమనిషిని ఎవరూ ఆపకూడదు. ఎదురు రాకూడదు, ఎక్కడికి అని అడగకూడదు. ఇది మా ఊరి కట్టు.

మేము ఊరు చేరేసరికి ఆ పండుగ చూసినవాళ్ళంతా ముసలివాళ్ళయ్యారు. చెరువు నిండి ఏళ్ళు గడిచాయి. ఆ కరువులో ఎవరికో ఒక ఆలోచన వచ్చింది. రాతి మీద ఇసుక మూటలు పేరిస్తే ఇంకో అడుగు నీళ్ళు నిలుస్తాయి గదా. పేర్చారు. అడుగు నీళ్ళు ఏనాడూ నిలవలేదు, మూటలు మాత్రం నిలిచాయి. వాటి మీద గడ్డి మొలిచింది. మేకలు మేశాయి. మరవ అంటే ఆ మూటలే అనుకుంటూ ఒక తరం పెరిగింది.

ఆమె వచ్చిన మొదటి నెలలోనే చూసింది. “ఇదేందప్పా, కుండకు మూత పెట్టి మైనంతో అతికినారు?” అంది.

నిండితే కదా అన్నాను.

“నిండినాక తీసేదానికి చేతులు యాడుంటాయి?”

చెరువు పెత్తనం చూసేది మా పెదనాన్న కొడుకు. నాకు అన్న, ఆమెకు బావ. మంచి మనిషి. ఎండాకాలంలో ఎవరి మడి ఎండినా తన వంతు నీళ్ళు వదిలేవాడు. అందుకే ఆయన మాట ఎవరూ తీసేయరు. ఆయనకు ఆమె చెప్పి చూసింది. “కావేరిపట్టణం కాదమ్మా ఇది. ఈడ నీళ్ళు రావడమే గొప్ప, పోయేదాన్ని గురించి ఎవరు ఏడుస్తారు?” అన్నాడు. ఆమె నవ్వి ఊరుకుంది. వదిలిపెట్టిందని నేను అనుకున్నాను.

ఆమెకు పొద్దున లేవగానే ఫోన్‌లో మబ్బుల బొమ్మ చూసే అలవాటు. ఉపగ్రహం తీసేది, ఎవరైనా చూడవచ్చు. కాఫీకి ముందు అది. వార్తలు నమ్మేది కాదని కాదు, నమ్మేది. కానీ చదివినదాన్ని మర్నాడు మళ్ళీ సరిచూసేది. నేను జీవితమంతా ఫ్యాక్టరీలో చేసిన పని అదే. ఇంట్లో ఆమె చేసేది.

ఒక కార్తీక మాసంలో బంగాళాఖాతంలో తుఫాను పుట్టింది. మా వైపు తమిళంలో లాగా పుయల్ అంటారు, తీరాన్ని కరై అంటారు. టీవీలో రోజంతా అదే. పుదుచ్చేరి వైపు వస్తోందన్నారు, వచ్చిందన్నారు, తీరం దాటిందన్నారు. దాటిందనగానే మా ఊళ్ళో టీవీలు కట్టేశారు. సముద్రం ఎక్కడ, మేమెక్కడ. మాకు తుఫాను అంటే తీరం వాళ్ళ కష్టం. దాటాక మాకు వచ్చేది నాలుగు చినుకులు, చల్లగాలి, మిరపకాయ బజ్జీలు.

మర్నాడు పొద్దున ఆమె ఫోన్ నా ముందు పెట్టింది. “నిన్న సాయంత్రం యాడుండింది?”

చూపించాను.

“ఇప్పుడు?”

అక్కడే ఉంది. అదే సుడి, అదే చోట. రోడ్డు మధ్యలో పడుకున్న ఎనుము లాగా కదలలేదు. మబ్బు తోక మాత్రం పొడుగ్గా సాగి మా మీదికి వస్తోంది.

“పరిగెత్తే వాన పలకరించి పోతాది,” అంది. “కూసున్న వాన కొంపలు అడగతాది.” ఇది వాళ్ళ అమ్మమ్మ మాటట.

మధ్యాహ్నానికి పట్టుకుంది. గాలి లేదు, ఉరుము లేదు. తెరిచిన కొళాయి లాగా ఒకే ధార. మర్నాడు తెల్లవారినా అదే ధార. ఆమె మళ్ళీ ఫోన్ చూసింది. సుడి కాస్త మా వైపు జరిగి మళ్ళీ ఆగింది. గొడుగు తీసుకుని చెరువు దగ్గరికి నడిచింది. నేను వెనకే పోయాను. నీళ్ళు మూటల అడుగును తాకుతున్నాయి. కట్ట మీద తాటి మొద్దు దగ్గర, దిగువ వీధి వైపు మట్టి చెమ్మగిల్లి కారుతోంది. బిందెకు చిల్లి పడేముందు కనిపించే చెమ్మ అది. దాని కిందే దిగువ వీధి. అక్కడి ఇళ్ళు సగం మట్టి గోడలు.

అన్న కట్ట మీదే ఉన్నాడు. ఆయనతో మడుల రైతులు పది మంది. అందరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. ఎన్నేళ్ళకు నిండింది!

“బావా, మూటలు తీసేయించండి,” అంది ఆమె.

“ఏమ్మా, దిష్టి పెడతావా? పుయల్ కరై దాటిపోయినాదని టీవీలో చెప్పినారు గదా.”

“దాటినాది బావా. పోలా. దాటి కూసున్నాది.”

“ఈ పూటకో రేపటికో ఆగిపోతాది. మూటలు తీస్తే అడుగు నీళ్ళు పోతాయి. ఒక పంట అది. ఎండాకాలం వచ్చి మడి నోరు తెరిస్తే నువ్వు పోస్తావా?”

“నాకూ మడుండాది బావా ఆ అడుగు కింద. నాది కూడా ఎండతాది. కట్ట తెగితే అడుగు కాదు, చెరువే పోతాది. పోతా పోతా దిగువ వీధిని తీసుకోని పోతాది.”

వెనక నుంచి ఒకాయన అన్నాడు. “హోసూరమ్మకు భయమయినట్లుండాది. మిద్దె ఎక్కి కూసోమను.”

“నేను ఎక్కుతానప్పా. దిగువ వీధికి మిద్దెలు యాడుండాయి? నువ్వు కట్టించినావా?”

ఎవరూ కదలలేదు. అధికారులకు ఫోన్ చేద్దామని నేను అన్నాను, చేశాను. తాలూకా అంతా నీళ్ళే, అన్ని ఊళ్ళ వాళ్ళూ చేస్తున్నారు. వస్తామన్నారు. రోడ్డు మునిగింది, ఎట్లా వస్తారు.

ఆమె ఇంటికి తిరిగి వచ్చింది. ఏడవలేదు, తిట్టలేదు. తాంబాళం తీసింది. పసుపు, కుంకుమ, డజను గాజులు. బీరువా తెరిచి ఒక ఆకుపచ్చ చీర తీసింది.

“నైలెక్సు చీరనా గంగమ్మకు?” అన్నాను. ఏం చేయబోతోందో అప్పటికి నాకు అర్థమైంది. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను.

“తొందరగా ఆరతాది” అంది.

వీధిలో ఇంటింటికీ పోయింది. “గంగమ్మకు చీర పెట్టల్ల, రాండి.” వాళ్ళు తెల్లబోయారు. “మరవ పోలేదు గదక్కా?” “మనం పోతే అదీ పోతాది.” కొందరు తలుపు వేసుకున్నారు. కొందరు వచ్చారు. దిగువ వీధి చివరింట్లో ఒక అవ్వ ఉండేది, ఇప్పటికీ ఉంది. నోట్లో ఆకు వక్క, చేతిలో కొడవలి. “పూజ ఎట్ల చేసేదో నేను చూసిండాను గదా. మీకు ఎవురికి తెలుసు? నడవండి” అని ముందు నడిచింది.

తాంబాళం ముందు, అవ్వ పక్కన, వెనక ఆడవాళ్ళు, అందరి తలల మీదా గోనె పట్టాలు, ఒకామె భుజాన మా గడ్డపార, చివర గొడుగుతో నేను. కట్ట మీద మగవాళ్ళు వాళ్ళను చూశారు. ఊరి కట్టు తెలుసు. పక్కకు తప్పుకున్నారు. అన్న మాత్రం మూటల ముందు నిలబడ్డాడు. నిలబడ్డాడే గానీ, ఎక్కడికి అని అడగలేకపోయాడు.

“మరవ పోయినాకే పూజమ్మా,” అన్నాడు చివరికి. “అది పద్ధతి.”

“గంగమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడుకోనుండాది బావా. గడియ వేసి పెట్టి, లోపలికి రా అంటే ఎట్ల వస్తాది?”

అవ్వ ఆగలేదు. వంగి మొదటి మూట మూతి కోసింది. ఇసుక జారింది. ఆమె తాంబాళం నా చేతికిచ్చి, కొంగు నడుముకు చుట్టుకుని, మోకాలి లోతు నీళ్ళలో దిగింది. నేను గొడుగు ఒక చేత్తో, తాంబాళం ఒక చేత్తో పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి రెండూ కింద పెట్టి నేనూ దిగాను. గడ్డి వేళ్ళు పాకి మూటలు ఒకదానికొకటి కుట్టినట్లు ఉన్నాయి. లాగితే రాలేదు. మూకండపల్లి గడ్డపార వాటిని పెకలించింది. ఒకరిద్దరు రైతులు తలలు వంచుకుని వచ్చి పట్టారు. అన్న రాలేదు, అడ్డమూ పడలేదు. తన మడి వైపు తిరిగి నిలబడ్డాడు.

నీళ్ళు మొదట ఆగి ఆలోచించినట్లు ఉన్నాయి. తర్వాత రాతి మీద పరుచుకున్నాయి. తర్వాత దూకాయి. ఆడవాళ్ళు పసుపు కుంకుమ చల్లారు. ఆమె చీర మడత విప్పి వదిలింది. ఆకుపచ్చగా ఒక్కసారి పొంగి, వాగులో పడి పోయింది.

ఆ వాన ఆగలేదు. ఆ పగలు, ఆ రాత్రి, మరునాడు కూడా పడింది. మా తాలూకాలో ఎన్నో ఊళ్ళు మునిగాయి. రోడ్డు పక్కన నిలిపిన బండ్లు కొట్టుకుపోయాయి. మా దిగువ వీధిలో మోకాలి లోతు నీళ్ళు వచ్చాయి, రెండు గోడలు పడ్డాయి. కట్ట తెగలేదు. మనిషి పోలేదు.

ఇప్పుడు దేవత అంటున్నవాళ్ళకు ఆ తర్వాతి వేసవి గుర్తు చేస్తాను. చైత్రం దాటేసరికి చెరువులో నీళ్ళు అడుగంటాయి. రెండో పంట సగం ఎండింది. మాది కూడా ఎండింది. అప్పుడు ఆమెను ఏమన్నారు? నీళ్ళు పారబోసిన అమ్మ అన్నారు. అంగడి దగ్గర ఒకాయన ఆమె వినేలాగే అన్నాడు. ఆమె ఆగి, సంచి కింద పెట్టి, వెనక్కి తిరిగింది.

“ఔ, నేనే పారబోసినా. నీ ఇల్లుండాదా లేదా? లోపలికి పోయి చూసుకోని రా, ఈడే ఉంటా.”

అట్లా బతికింది. తెచ్చుకున్న మాటను మోసింది, దించలేదు. వంగి ఒకరికి సమాధానం చెప్పడం నేను చూడలేదు. మర్నాడు అదే మనిషి కూతురికి జ్వరమొస్తే తోడు ఊత్తంగరై పోవడం మాత్రం చూశాను. ఆ రెండూ ఆమెకు వేరు వేరు పనులు.

కర్మాంతరం రోజు భోజనాలయ్యాక అన్న నా పక్కన కూర్చున్నాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. దొంగ ఏడుపు కాదు అది.

“తమ్ముడా, ఒకటి అనుకున్నాం. మరవను సిమెంటుతో గట్టిగా కట్టేస్తాం. మూటల బాధ లేకుండా ఒక అడుగు లేపుతాం. దాని మీద ఆమె పేరు చెక్కిస్తాం. ఊరుండేదాకా ఉంటాది.”

ఆయన వైపు తిరిగి కూర్చున్నాను.

“అడుగు లేపేది ఎందుకన్నా?”

“నీళ్ళు నిలబడల్ల గదా.”

“ఆమె తీసిన అడుగును ఆమె పేరుతోనే మళ్ళీ పెడతావా?”

“అప్పటి వాన వేరప్పా. అట్లాంటిది మళ్ళీ మన తరంలో వస్తాదా?”

“ఆమె పేరు చెక్కల్ల అంటే ఒక రాయి దించి చెక్కు. లేపి చెక్కితే నేనే గడ్డపార తీసుకోని వస్తా. గడ్డపార ఇంట్లోనే ఉండాది.”

“దుఃఖంలో ఉండావు. తర్వాత మాట్లాడదాం” అని లేచాడు.

దుఃఖంలో ఉన్న మాట నిజం. దుఃఖం మనిషిని మెతక చేస్తుందని వాళ్ళు అనుకోవడం మాత్రం నిజం కాదు.

మొన్న సిమెంటు బస్తాలు వచ్చాయి. మరవ పక్కన పట్టా కప్పి పేర్చారు. పోయి చూశాను. పట్టా మీద దిగువ వీధి అవ్వ కూర్చుని ఉంది. చుట్టూ ఇంకో నలుగురు ఆడవాళ్ళు. ఆకు వక్క నడుస్తోంది.

“ఏందవ్వా ఈడ కూసున్నావు?”

“మెత్తగుండాదప్పా” అంది. “మేం లేస్తే గదా వాళ్ళు కట్టేది.”

అన్న అప్పటికే అక్కడ ఉన్నాడు, అవ్వను లేపలేక తంటాలు పడుతున్నాడు. నేను ఆయన చేయి పట్టుకున్నాను. వాదించలేదు. మరవ దిగువకు, వాగులోకి పిలుచుకుపోయాను. వాగు ఎండి ఉంది. గులకరాళ్ళ మీద నడుచుకుంటూ ఒక సర్కారు తుమ్మ చెట్టు కిందికి తీసుకుపోయి, పైకి చూడమన్నాను.

ముళ్ళలో ఒక ఆకుపచ్చ పీలిక చిక్కుకుని ఉంది. వెలిసింది, చిరిగింది. నైలెక్సు గనుక మిగిలింది. నేను చేయి ఎత్తాను. అందలేదు. అన్న నాకంటే పొడుగు. ఆయన ఎత్తాడు. ఆయనకూ అందలేదు.

“ఆడిదాకా వచ్చినాయా నీళ్ళు?” అన్నాడు.

“వచ్చినాయి.”

అన్న తల పైకెత్తే నిలబడ్డాడు.

సిమెంటు ఇంకా అక్కడే ఉంది. విప్పలేదు, తీసుకుపోనూ లేదు. అవ్వ వంతులు వేసి ఆడవాళ్ళను కూర్చోబెడుతోంది. వాళ్ళకు పని ఉన్న పూట నేను కూర్చుంటున్నాను. ఈ పొద్దున కాఫీకి ముందు ఆమె ఫోన్ తెరిచాను. సముద్రం మీద చిన్న మబ్బు ముద్ద ఉంది. ఎటు పోతుందో, పోతుందో కూర్చుంటుందో రేపు మళ్ళీ చూడాలి. మరవ దగ్గరికి వచ్చేసరికి తుంపర మొదలైంది. గాలి కొంచెం లేచింది. వాగులో, మనిషి చేయి అందని ఎత్తున, ముళ్ళ మధ్య ఆ ఆకుపచ్చ పీలిక తడిసి, మళ్ళీ రంగు తేరి, కొట్టుకుంటోంది.